సవరణ: ప్రాణహిత వరద మెసేజ్‌లపై మా మొన్నటి పోస్టు

మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర ప్రాణహిత నది వరద గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. '10,000 క్యూసెక్కులు' అని రాశాం, అవి క్యూమెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు. ఒక క్యూమెక్కు 35.3 క్యూసెక్కులకు సమానం, కాబట్టి అది దాదాపు 3.53 లక్షల క్యూసెక్కుల నీరు. ఒడ్డున ఉండేవాళ్లకు ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది, మన్నించండి.

పడవవాళ్ల వాయిస్ మెసేజ్‌లు అసలు నమ్మొద్దన్నదీ సరికాదు. 'పొద్దున 6 గంటలకు రేవులో మూడో మెట్టు మునిగింది' అన్న మాట, టైము లేని అంకె కంటే గట్టి సాక్ష్యం. 'గేట్లన్నీ ఎత్తేశారంట' అంటే మాత్రం ఆగండి. మెసేజ్ పంపినతను స్వయంగా చూశాడా, ఎక్కడ, ఎన్నింటికి? ఇంకొకరిని అడిగినప్పుడు వాళ్లకూ అదే మెసేజ్ వచ్చిందేమో కనుక్కోండి. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూసి లెక్కేయకండి, అది మనకు దిగువ. ఎగువన టేక్రాలో ఉన్న కేంద్ర జల సంఘం రీడింగు, దాని టైము చూడండి.