సవరణ: ట్రక్కు మీది సామాను చప్పుడు, రబ్బరు వాషర్లు

ట్రక్కుకి బిగించిన టూల్‌బాక్స్, నిచ్చెన లాంటివి గడగడలాడకుండా బోల్టుకి రబ్బరు వాషర్ వేయమని ఇంతకుముందు రాశాను. బరువు మోసే బ్రాకెట్లకి ఆ మాట వర్తించదు. బోల్టు తల కింద రబ్బరు పెడితే అది రానురాను నలిగి పలచబడుతుంది. బిగువు సడలి నట్టు వదులవుతుంది, చప్పుడు మళ్లీ మొదలు. అక్కడ ఇనుప వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులవకుండా పట్టుకునే నట్టు) వేయండి. విప్పిన నైలాక్ నట్టు వేళ్లతోనే సులువుగా తిరిగిపోతుంటే పారేసి కొత్తది వేయాలి, పిసినారితనం వద్దు. రబ్బరు ఉండాల్సింది సామాను బ్రాకెట్‌కి ఆనే చోట.

వేగం పెరిగినప్పుడు మాత్రమే బుర్రుమని మోత వస్తుంటే ముందు బోల్టుల్ని కాదు, రాచెట్ పట్టీని (సామానుని లాగి బిగించే పిడి ఉన్న పట్టీని) అనుమానించండి. బల్లపరుపుగా లాగి కట్టిన పట్టీ గాలికి అదురుతుంది. ఒక మెలిక తిప్పి కడితే చాలావరకు ఆగిపోతుంది.