కారు చూడ్డానికి టార్చ్‌లైట్ ఎందుకండీ

సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్లలో ఈమధ్య మర్యాద బాగా తగ్గిపోయింది, ఈ మాట ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటున్నా. ఒకప్పుడు చవక బండి చూడ్డానికి వచ్చినాయన చుట్టూ ఒక రౌండ్ తిరిగేవాడు, ముందు టైరుని కాలితో ఒక్క తన్ను తన్నేవాడు, డోరు తీసి వేసి ఆ సౌండ్ విని "ఊఁ" అనేవాడు, బానెట్ ఎత్తించి లోపల ఇంజన్ ఉందని కన్ఫర్మ్ చేసుకుని ఇంకోసారి "ఊఁ" అనేవాడు. అంతే, చెకింగ్ అయిపోయింది. టైరుని తన్నితే ఏం తెలుస్తుంది అని ఇప్పటి కుర్రాళ్లు నవ్వుతున్నారు. టైరు ఉందని తెలుస్తుంది. చవక బండి విషయంలో అదేమీ చిన్న సంగతి కాదు.

ఇప్పటివాళ్లు తన్నరు. టైరు ముందు మోకాళ్ల మీద కూర్చుని చదువుతారు. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే నంబరు ఒకటి ఉంటుంది కదా, దాని చివరి నాలుగంకెలు 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థమట, అది చదివి తలెత్తి "మొన్ననే టైర్లు మార్చామన్నారు కదండీ" అంటాడు. మార్చాం బాబూ, మార్చామనే చెప్పాం, కొత్తవి వేశామని చెప్పామా? అక్కడితో ఆగినా బాగుండేది, లోపలి అంచు మాత్రమే ఎందుకు అరిగింది, అలైన్‌మెంట్ పోయిందా సస్పెన్షన్ పోయిందా అని ఇంకో ప్రశ్న. గుండు టైరుని కూడా గౌరవించడం నేర్చుకోవాలి.

అన్నిటికంటే బాధ కలిగించేది "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండీ" అని ముందే ఫోన్ చేయడం. వచ్చే మనిషికి ఇబ్బంది కాకూడదని అమ్మేవాళ్లు పావుగంట ముందే స్టార్ట్ చేసి ఇంజన్‌ని వేడిగా ఉంచుతారు, అది మర్యాద. వీళ్లేమో వస్తూనే జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉంటే మొహం మాడ్చుకుంటారు. రాత్రంతా చల్లబడ్డ ఇంజనే నిజం చెప్తుందని వీళ్ల నమ్మకం, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు టకటక చప్పుడు వినాలంట, సైలెన్సర్ వెనక నిలబడి పొగ రంగు చూడాలంట, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, నల్లగా వస్తే ఇంధనం ఎక్కువ పోతోందని, తెల్లగా దట్టంగా ఎంతకీ ఆగకుండా వస్తే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, లోపలికి కారి కాలుతోందని. చలికి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటా, నిజానికి ఎండాకాలంలో కూడా ఒప్పుకుంటా. తర్వాత ఆయిల్ మూత తిప్పి దాని లోపలివైపు టార్చ్ వేస్తాడు, అక్కడ మీగడలాగా ఏదైనా ఉందంటే ఇంజన్లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయిందని గుండెలు బాదుకుంటాడు. ఎప్పుడూ దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండిలో తేమకి కూడా అలా పేరుకుంటుంది, అది అబద్ధం కాదు. అయితే దాన్ని చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉండాలి, అదొక్కటే కష్టం.

మీటర్ సంగతికొస్తే, 60 వేల కిలోమీటర్లు అని బండే స్వయంగా చెప్తోంది. వీళ్లు దాని మాట నమ్మరు, వంగి బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూస్తారు, స్టీరింగ్ నున్నగా మెరుస్తోందేంటంటారు, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయిందేంటంటారు. మెరిస్తే కూడా తప్పేనా?

ఇక అయస్కాంతం. జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న మాగ్నెట్ తీసి డోర్ల మీద అంటిస్తూ పోతారు, రేకు మీద అంటుకుంటుంది, సొట్టలు కప్పడానికి పుట్టీ మందంగా పెట్టి పెయింట్ కొట్టిన చోట జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్‌కి అంటించి అంటుకోలేదని పోలీసు మొహం పెట్టినోడిని కూడా చూశా, అదొక్కటే నాకు మిగిలిన సంతోషం.

బర్రెని నీళ్లలో ఉంచి బేరమాడొద్దని మన పెద్దోళ్లు ఎప్పుడో చెప్పారు, లోపల ఎన్ని కాళ్లున్నాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. సరిగ్గా ఇదే సంగతిని పాత కార్ల మీద పెట్టి జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పేపర్ రాశాడు. ఏది మంచి బండో తెలీదు కాబట్టి కొనేవాడు అన్నిటికీ మధ్యస్తం రేటే ఇస్తానంటాడు, ఆ రేటుకి మంచి బండి ఉన్నోడు అమ్మడు, ఇంటికి తీసుకెళ్లిపోతాడు, చివరికి మార్కెట్లో డొక్కులే మిగుల్తాయి. ఇది మరీ చిన్న సంగతి అని మొదట్లో కొన్ని పత్రికలు తిప్పి పంపేశాయి కూడా, తర్వాత 2001లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. బర్రె గురించి చెప్పినాయనకి ఏమీ ఇవ్వలేదు. అయినా మా చర్చలో బర్రె కంటే పెద్ద చిక్కు ఒకటుంది, కొన్నిసార్లు కారే నీళ్లలోంచి వచ్చి ఉంటుంది. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా సీటు బెల్టుని చివరిదాకా లాగితే అక్కడ బురద చార కనబడుతుందని, సీటు కింద పట్టాలు తుప్పు పట్టి ఉంటాయని, స్టెప్నీ గుంటలో మట్టి ఉంటుందని వీళ్లకి ఎవరో నేర్పేశారు. బెల్టు పెట్టుకోవడానికి కదా ఇచ్చింది, చివరిదాకా లాగడానికా? డ్యాష్‌బోర్డ్ మీద నాలుగు పర్ఫ్యూమ్ సీసాలు పెట్టినా అనుమానమే, పెట్టకపోయినా ముక్కిన వాసనే.

ఆఖర్న స్కానర్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి తగిలిస్తే ఎర్రర్ కోడ్‌లన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి. సరే, ముందురోజే చెరిపేద్దాం అనుకుంటే, చెరిపేసిన సంగతి కూడా అది చెప్పేస్తుంది, చెరిపితే మళ్లీ మొదలయ్యే లోపలి టెస్టులు ఇంకా పూర్తవలేదు అంటుంది. కడుపులో మాట దాచుకోలేని యంత్రం అది. చెక్ ఇంజన్ లైట్ వెలగట్లేదుగా అని సంతోషిస్తే, తాళం తిప్పగానే ఒకసారి వెలిగి స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి కదా, అసలు వెలగనే లేదేంటి, బల్బు పీకేశారా అంటాడు. వెలిగితే తప్పు, వెలగకపోతే ఇంకా పెద్ద తప్పు.

నాకు ఇందులో స్వార్థం ఏమీ లేదు, జనరల్‌గా చెప్తున్నా. నా బండి కొన్నప్పుడు నేను ఏ టార్చ్ తీసుకెళ్లలేదు. రంగు నచ్చింది. టైరుని తన్నా, గట్టిగానే ఉంది. డోర్ వేస్తే సౌండ్ బాగా వచ్చింది. పాపం అమ్మినాయన నేను వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచాడు, ఎంత మంచివాడో అనుకున్నా. మెకానిక్‌ని వెంట తీసుకెళ్తే ఆయన బాధపడతాడేమో అని తీసుకెళ్లలేదు, తర్వాత ఆ మెకానిక్ దగ్గరికి నేనే ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టడం మానేశా, పైన రాసిన సంగతులన్నీ అతను నాకు వాయిదాల పద్ధతిలో నేర్పినవే, ప్రతి పాఠానికీ బిల్లు ఉంది. హెడ్ గ్యాస్కెట్ పాఠం కొంచెం పెద్దది.

ఈ ఆదివారం ఒకాయన బండి చూడ్డానికి వస్తున్నాడు. ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు, మీటర్ ఎంత తిరిగిందనీ అడగలేదు, టైర్ల గురించీ అడగలేదు, మొదటి ప్రశ్నే "రంగేంటండీ" అన్నాడు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. పొద్దున్నే లేచి బండి కాస్త వేడి చేసి పెట్టాలి.