చిన్న కోడలు ఇల్లు వదిలిపోయింది

గుంటూరు బ్రాడీపేటలో నేను అద్దెకుంటున్న ఇంటి కింది వాటాలో ఓనర్లు పూర్ణయ్యగారు, కామేశ్వరిగారు ఉంటారు. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్ళు అమ్మోనియా ప్లాంటు నడిపి రిటైరయ్యారు. ఆయనా, ఆయనలాగే ఇంట్లో తోచని మరో ముగ్గురు మిత్రులూ ఒక పందెం వేసుకున్నారు. పాత ఫ్రిజ్జు మోటారు ఒక్కటే వాడాలి, రెండోది ముట్టుకోకూడదు. దానితో ఎవరు ఎక్కువ చలి పుట్టిస్తే వాళ్ళకు మిగతావాళ్ళు కలిసి స్టీలు బకెట్టు కొనిపెట్టాలి. ఆదివారం మధ్యాహ్నం పోటీ. ఈ సంభాషణ శుక్రవారం సాయంత్రం, మెట్ల కింద సామాన్ల గది గుమ్మంలో జరిగింది. నేను చాటుగా వినలేదు. చాటుగా వినవలసినంత మెల్లగా ఆ ఇంట్లో ఏదీ జరగదు.

కామేశ్వరి: ఏమండీ, ఇటు చూడండి. ఇవి ఏ రంగులో ఉన్నాయి?

పూర్ణయ్య: (మీటరు మీంచి కన్ను తీయకుండా) మైనస్ 38.

కామేశ్వరి: నేను అడిగింది రంగు.

పూర్ణయ్య: రెండు గంటలుగా ఇదే అంకె. మొన్న ఇదే మిషను మైనస్ 70 దాటింది. ఇవాళ మొండికేసి కూర్చుంది.

కామేశ్వరి: దాని సంగతి తరవాత. మంగళవారం పాతిక మామిడికాయలు కొన్నాను. కొత్తపల్లి కొబ్బరి. రాళ్ళలా ఉన్నాయి. చిన్న ముక్క కొరికితే చెవుల దాకా పులుపెక్కింది. ఇప్పుడు చూడండి, ఒక్కొక్కటీ పసుపు రాసుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. వీటితో ఆవకాయ ఎలా పెట్టమంటారు?

పూర్ణయ్య: మంగళవారం కొన్న కాయలు శుక్రవారం దాకా ఎవరు ఉంచమన్నారు?

కామేశ్వరి: ఆవాలు మరకు పట్టుకెళ్ళమని మంగళవారమే చెప్పాను. అవి ఎక్కడున్నాయో తెలుసా?

పూర్ణయ్య: ఎక్కడున్నాయి?

కామేశ్వరి: మీ మోటారు కింద.

(నిజమే. మోటారు అదరకుండా రెండు కిలోల ఆవాల సంచీ ఎత్తు పెట్టారు. ఆవాలు అదురును బాగా పీల్చుకుంటాయని ఆయన వాదన. అది తప్పనడానికి నా దగ్గర ఆధారం లేదు.)

పూర్ణయ్య: మిషను మేడ మీద ఉంటే ఈ గొడవే లేదు. నీ మిరపకాయలకు ఎండ అడ్డమొస్తోందని కిందికి దింపించింది నువ్వే.

కామేశ్వరి: మరి ఏడాదంతా కారం లేకుండా తింటారా? అసలు ఫ్రిజ్జులో ఐసు గడ్డ కడుతూనే ఉంది కదా, ఇంకా ఎంత చలి కావాలి మీకు?

పూర్ణయ్య: ఇంట్లో ఫ్రిజ్జు మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. కరోనా టీకాల్లో ఒకదాన్ని మైనస్ 70లో దాచారు, గుర్తుందా? అంత చలికి మామూలుగా రెండు మోటార్లు కావాలి, ఒకదాని మీద ఒకటి. ఒక్క మోటారుతో చేయడాన్ని ఆటో క్యాస్కేడ్ అంటారు. క్లీమెంకో అనే ఆయన 1959లోనే కోపెన్‌హేగన్ శీతలీకరణ మహాసభలో దీని గురించి చెప్పాడు.

కామేశ్వరి: ఆయన భార్య ఏమందో కూడా చెప్పాడా?

పూర్ణయ్య: నీకు అర్థమయ్యేలా చెప్తాను, విను. ఇందులో రెండు గ్యాసులు కలిపి పోశాను. ఒకటి ప్రొపేన్. మైనస్ 42 దగ్గర మరుగుతుంది. రెండోది ఇంకా చలి మనిషి, మైనస్ 104 దగ్గర మరుగుతుంది. రెండూ ఒకే మోటారులోంచి బయటికి వస్తాయి. ఈ కండెన్సరులో ప్రొపేన్ గాలి తగలగానే ద్రవమై కిందికి దిగుతుంది. రెండోది దిగదు. పదో డిగ్రీ లోపలికి చల్లబడితే తప్ప దాన్ని ఎంత నొక్కినా ద్రవం కాదు. మన గుంటూరు మే నెలలో దానికి ఆ యోగం ఎక్కడిది? అందుకని ముందు ప్రొపేన్‌ను ఆవగింజ కూడా దూరని ఈ సన్న గొట్టంలోంచి వదులుతాను. అది ఆవిరవుతూ చల్లబడి, ఆ చలితో రెండోదాన్ని ద్రవం చేస్తుంది. అప్పుడు ఆ రెండోది వెళ్ళి అసలు చలి పుట్టిస్తుంది.

కామేశ్వరి: (కాసేపు ఆలోచించి) ఒకే అత్తగారి కింద ఇద్దరు తోటికోడళ్ళు.

పూర్ణయ్య: ఏమిటీ?

కామేశ్వరి: మోటారు అత్తగారు. ఇద్దరినీ సమానంగా నలిపి బయటికి తోస్తుంది. పెద్ద కోడలు గాలి తగలగానే సర్దుకుంటుంది. చిన్నావిడ సర్దుకోదు. పెద్దావిడ దగ్గర కూర్చుని చల్లబరిస్తే గానీ చిన్నావిడ దారికి రాదు. ఇంటికి చల్లదనం చిన్నావిడ వల్లే, పేరు మాత్రం మోటారుకు.

పూర్ణయ్య: (ఒప్పుకోలేక) దాదాపు అంతే.

కామేశ్వరి: ఆ బుడ్డి సిలిండరు దేనికి?

పూర్ణయ్య: మోటారు ఆపగానే చిన్నది మొత్తం ఆవిరై పొంగుతుంది. గొట్టాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. అది విశ్రాంతిగా ఉండటానికి కాస్త చోటు.

కామేశ్వరి: వేరే గది కూడా ఇచ్చారన్నమాట. నాకు పెళ్ళయిన పన్నెండేళ్ళ దాకా దొరకలేదు. సరే, పెద్దావిడ ఒక్కతే పనిచేస్తే ఎంత దాకా వస్తుంది?

పూర్ణయ్య: మహా అయితే నలభై లోపు...

(ఇక్కడ ఆయన ఆగిపోయారు. మీటరు వంక చూశారు. మైనస్ 38. నేను మెట్ల మీద లేచి నిలబడ్డాను.)

కామేశ్వరి: చిన్న కోడలు ఇల్లు వదిలిపోయిందండీ.

పూర్ణయ్య: పోదు! ప్రతి అతుకూ నేనే వెండి కడ్డీతో అతికాను. అయినా లీకైతే నాకు తెలియదా? ముప్పై ఏళ్ళు నా ముక్కే నాకు మీటరు. అమ్మోనియా చిటికెడు బయటపడినా కంట్లో నీళ్ళు తిరిగేవి.

కామేశ్వరి: దీనికి వాసన ఉందా?

పూర్ణయ్య: ...లేనట్టే.

కామేశ్వరి: దీని పేరేమిటన్నారు?

పూర్ణయ్య: అనలేదు.

కామేశ్వరి: అందుకే అడుగుతున్నాను.

పూర్ణయ్య: (చాలా మెల్లగా) ఇథిలీన్.

(నాకు తెలిసి ఆ ఇంట్లో మెల్లగా పలికిన మొదటి మాట అదే.)

కామేశ్వరి: ఇథిలీనా? మా తమ్ముడు గదిలో కాయలు పేర్చి, తలుపు బిగించి వదులుతాడు, పండ్లు మగ్గడానికి, ఆ ఇథిలీనేనా?

పూర్ణయ్య: మామిడికాయ మగ్గేటప్పుడు తనంతట తనే విడుస్తుంది, అది సహజమైన...

కామేశ్వరి: నా ఆవకాయ కాయల పక్కన మగ్గబెట్టే గ్యాసు పెట్టారా! కిటికీ కూడా లేని గదిలో!

పూర్ణయ్య: అరవకు. ముందు స్టవ్వు ఆర్పు. రెండూ అంటుకునే గ్యాసులే. లైటు స్విచ్చి ముట్టుకోకు. నేను బయట మెయిను ఆపేస్తాను. తలుపు బార్లా తెరువు.

(పని పడితే మనిషి మారిపోతారు. అయిదు నిమిషాల్లో అద్దెకున్న నేనూ చెయ్యి వేసి, మిషనును పెరట్లో వేపచెట్టు కిందికి చేర్చాం. కామేశ్వరిగారు సబ్బు నీళ్ళు కలిపి తెచ్చారు. ఆయన కుంచెతో ఒక్కో అతుకూ తడిపారు. వెండితో అతికినవి ఒక్కటీ కదలలేదు. బుడ్డి సిలిండరు మెడ దగ్గర, నట్టు అంచున, ఆవగింజంత బుడగ లేచింది. పెరిగి శనగగింజంత అయింది. చిట్లింది. మళ్ళీ లేచింది.)

కామేశ్వరి: వేరే గది ఇస్తే ఆ గది తలుపులోంచే వెళ్ళింది.

పూర్ణయ్య: ఈ నట్టొకటి మార్చి, మళ్ళీ రెండు గంటలు వాక్యూమ్ పంపు పెట్టి, గ్యాసు నింపితే...

కామేశ్వరి: రెండు గంటలు చాలా?

పూర్ణయ్య: లోపల తడి ఉండకూడదు. చుక్క మిగిలినా సన్న గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. రెండు గంటలు చాలులే.

కామేశ్వరి: నేను ఆవకాయ జాడీ కడిగి రెండు గంటలు ఆరబెడితే మీరు ఊరుకుంటారా? బూజు పడితే ఏడాదంతా నన్నే అనరూ?

పూర్ణయ్య: సరే. రాత్రంతా పెడతాను.

పెట్టారు. నేను నిద్రపోలేదు, ఆ పంపు పక్కన ఎవరూ నిద్రపోలేరు. శనివారం ఉదయం ఆవాలు మరకు వెళ్ళాయి. మోటారు కిందికి పాత దిండు వచ్చింది. రాత్రి ఎనిమిదికి మీటరు మైనస్ 84 చూపించింది. రాగి గొట్టం మీద తెల్లటి మంచు పిండి వడియంలా పేరుకుంది. పూర్ణయ్యగారు దాన్ని చూసి అన్నం తినడం మరిచిపోయారు. అంతలో ఫోను మోగింది. పట్టాభిపురం నుంచి పోటీలో మరో మిత్రుడు.

పూర్ణయ్య: (ఫోనులో) అవునా... మైనస్ 40 దగ్గర ఆగిపోయిందా... అయ్యో పాపం... ఏమై ఉంటుందంటారు? నాకూ తోచడం లేదు.

కామేశ్వరి: ఇటివ్వండి. (ఫోను లాక్కుని) అన్నయ్యగారూ, మీ ఇంట్లో పచ్చి మామిడికాయలు ఉన్నాయా? లేవా?

పూర్ణయ్య: (చేతులు ఊపుతూ, గుసగుసగా) పోటీ! అది పోటీ!

కామేశ్వరి: అరటి గెల వేలాడదీశారా? కూరకని తెచ్చిందా? నిన్న పచ్చగా ఉండి ఇవాళ పండి రాలుతోందా? ఆ మిషను దగ్గరేనా?

పూర్ణయ్య: కామేశ్వరీ, నీకు దండం పెడతాను.

కామేశ్వరి: కారణం నాకు తెలుసు అన్నయ్యగారూ. చెప్తాను. కానీ రేపు పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి పాతిక కాయలు తెచ్చివ్వాలి. కొత్తపల్లి కొబ్బరి. పసుపు చుక్క కనిపించకూడదు.

ఆదివారం ఆరింటికి ఆయన సంచీతో వచ్చారు. కామేశ్వరిగారు ఒక్కొక్క కాయనూ బొటనవేలితో నొక్కి చూసి, రెండు వెనక్కి ఇచ్చారు. సాయంత్రానికి బకెట్టు పట్టాభిపురం వెళ్ళింది. రెండు డిగ్రీల తేడా.

పూర్ణయ్య: చెప్పవద్దన్నానా?

కామేశ్వరి: జాడీ కదలకుండా పట్టుకోండి. నూనె పోస్తున్నాను.