బ్లాక్ ఫంగస్: అందిన హెచ్చరిక, ఆలస్యమైన స్పందన

2021 మే నెలలో హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయినప్పుడు, ఇదేదో కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బని చాలామంది అనుకున్నారు. వైద్యులకు మాత్రం మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్‌కు వైద్యుల పేరు) పాతదే. షుగరు అదుపు తప్పినవారిలో అది కొవిడ్‌కు ముందు నుంచీ మన దేశంలో కనిపిస్తూనే ఉంది. షుగరు విపరీతంగా పెరిగి రక్తంలో ఆమ్లాలు చేరినప్పుడు ప్రోటీన్లను అంటిపెట్టుకున్న ఇనుము విడివడుతుంది, ఈ శిలీంధ్రం దాన్ని వాడుకుని పెరుగుతుంది.

నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉంది. దేశంలోని 16 ఆసుపత్రుల వైద్యులు 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు 287 మంది రోగుల వివరాలు సేకరించగా, వారిలో 187 మందికి ఈ జబ్బు కొవిడ్‌తో ముడిపడి వచ్చిందని తేలింది. 2019లో అవే నెలలతో పోలిస్తే కేసులు రెట్టింపు దాటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గడంతోపాటు, షుగరును పెంచే స్టెరాయిడ్లను తగని రీతిలో వాడటమూ ఇందుకు కారణాల్లో ఒకటిగా కనిపించింది. అంటే హెచ్చరిక మొదటి ఉద్ధృతిలోనే ఆసుపత్రుల కేస్‌షీట్లలో నమోదై ఉంది. ఆ ఫలితాలు ప్రచురితమయ్యేసరికి రెండో ఉద్ధృతి శిఖరం దాటింది.

స్టెరాయిడ్ దోషి అనడం న్యాయం కాదు. ఆక్సిజన్ అవసరమైన రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే మరణాలు తగ్గుతాయని 2020లోనే బ్రిటన్‌లో రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరీక్ష (ట్రయల్) నిరూపించింది. ఆక్సిజన్ అవసరంలేని వారికి మేలు కనిపించలేదని కూడా అదే ట్రయల్ చెప్పింది. మన దగ్గర మొదటి సగం వేగంగా పాకింది, రెండో సగం మందుల చీటీల దాకా చేరలేదు.

ఆ తర్వాతి చికిత్స ఎంత కఠినమో వార్డులో చూస్తేగాని తెలియదు. ముక్కులోంచి తీసిన కణజాలపు తునకపై పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, అడ్డుగోడలు లేని వెడల్పాటి శిలీంధ్రపు పోగులు అదే రోజు కనిపిస్తాయి. శిలీంధ్రాన్ని చంపే మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తే, 60 కిలోల మనిషికి రోజుకు 50 మిల్లీగ్రాముల వయల్స్ (మందు సీసాలు) ఆరు కావాలి, అదీ వారాల తరబడి. దొరక్క పాత రకం ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు ఎక్కువ కనుక రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే కొలత), పొటాషియం పదేపదే చూసుకోవాలి. శిలీంధ్రం రక్తనాళాలను మూసేస్తుంది కాబట్టి చచ్చిన కణజాలంలోకి మందు చేరదు. అందుకే సైనస్‌లను శుభ్రం చేయాలి, కొందరికి పై దవడ తొలగించాలి, ఇంకొందరికి కన్నే తీసేయాలి.

ఇంత నష్టానికి గురైనవారు డిశ్చార్జి అయ్యాక ఎలా ఉన్నారో, కృత్రిమ దవడ ఎందరికి అమరిందో, జబ్బు ఎందరికి తిరగబెట్టిందో ఆసుపత్రులే క్రమం తప్పకుండా నమోదు చేయాలి. పని భారంతో సతమతమయ్యే పీజీ విద్యార్థుల థీసిస్‌లకు ఈ బాధ్యతను వదిలేయడం తప్పు. ప్రతి బోధనాసుపత్రిలో ఇందుకోసం జీతమిచ్చే సిబ్బందిని నియమించి, అసాధారణ కేసులు పెరిగిన వారంలోనే ఆ అంకెలను జిల్లా ఆసుపత్రుల వైద్యులకు చేరవేసే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాల వైద్య విద్యాశాఖలు చేపట్టాలి.