మాల్మ్‌స్టీన్‌కి ఒక హార్మోనిస్టు కావాలి

స్వీడన్ గిటారిస్టు యింగ్వే మాల్మ్‌స్టీన్ ఆల్బమ్ 'పారాబెల్లమ్' 2021 జులైలో వచ్చింది. ఇన్నేళ్లయినా నెల్లూరులో గిటారు పట్టిన పిలకాయలు నలుగురు ఒకచోట చేరితే ఆ పంచాయితీ తెగదు. మొన్న పొగతోటలో టీ దగ్గర కూడా అదే గోల. "నలభై ఏళ్లుగా ఒకటే వాయిస్తా ఉండాడు, ఇంకేం వినేదన్నా" అని ఒకడు. "ఆ స్పీడు ఇంకెవుడికన్నా ఉందేమో చూపీయ్, అప్పుడు మాట్లాడు" అని రెండోవాడు. మూడోవాడి కోపమంతా పాట మీద: "వాయించుకునేవాడు వాయించుకోక, పాడేది దేనికి సామీ?"

ముగ్గురిలో మూడోవాడొక్కడే అసలు జబ్బు దాకా వచ్చాడు. వచ్చి, దాన్ని దాటుకుని వెళ్లిపోయాడు.

ముందు ఆ 'ఒకటే వాయిస్తాడు' సంగతి తేల్చేద్దాం. మాల్మ్‌స్టీన్ సంగీతంలో సింహభాగం హార్మోనిక్ మైనర్ అనే స్వరవరస. మన లెక్కలో కీరవాణి (ఆస్కార్ తెచ్చినాయన కాదు, ఇరవై ఒకటో మేళకర్త). శుద్ధ ధైవతం మీంచి కాకలి నిషాదానికి ఒక్క అంగలో దాటే చోటు ఉంది చూశారూ, ఆయన పాటల్లో గుండె జారినట్టనిపించేది అక్కడే. అవే స్వరాలను పంచమం నుంచి ఎత్తుకుంటే వకుళాభరణం. మెటల్ సంగీతం వాళ్లు దానికి ఫ్రీజియన్ డామినెంట్ అని పేరు పెట్టుకున్నారు. ఈ రెండిళ్ల మధ్యే ఆయన కాపురం. ఉంటే ఏం? ఒక్క తోడిలోనే త్యాగయ్య ఇరవైకి పైగా కీర్తనలు కట్టాడు. ఆయన ఇంటిపేరు కాకర్ల, ఆ కాకర్ల ఉమ్మడి ప్రకాశం జిల్లాలో అర్ధవీడు పక్కనే ఉంది. శ్యామశాస్త్రి పెద్దలదీ కంభం ప్రాంతమే అంటారు. సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి వేర్లున్న నేల మీద కూర్చుని, స్వీడన్ వాడు రాగం మార్చలేదని సణగడం మనకు తగదు.

వేగం మీద ఫిర్యాదు ఇంకా తేలిక. ఒంగోలులో నాకు తెలిసిన కుర్రాడొకడు ఈయన పిచ్చిలో పడి సొంత గిటారు నెక్ తనే చెక్కుకున్నాడు. మాల్మ్‌స్టీన్ గిటారుకు ఫ్రెట్టుకీ ఫ్రెట్టుకీ (వీణకు మెట్ల లాంటివి) మధ్య చెక్క దోసిలిలా పల్లంగా ఉంటుంది. పాత ల్యూట్ (యూరప్ తీగవాద్యం) ఒకటి చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. మనవాడు ఫ్రెట్ల మీద టేపు అంటించి, గుండ్రటి ఆకురాయితో మూడు రోజులు అరగదీశాడు. పన్నెండో ఫ్రెట్టు దాటాక చెయ్యి జారింది. అక్కడ తీగ మీటితే ఇప్పటికీ బుర్రుమంటుంది. కానీ ఏడో ఫ్రెట్టు దగ్గర తీగ నొక్కి నాకు వినిపించాడు. వేలి కింద చెక్క తగలదు కాబట్టి ఎంత నొక్కితే స్వరం అంత పైకి పోతోంది, పక్కకు లాగితే ఊగుతోంది. "ఇది వీణే గదన్నా" అన్నాడు. అవును మరి. మైనం మీద నిలబెట్టిన మెట్ల మీద తీగను లాగి గమకం పలికించడం మన వైణికులు ఎప్పటినుంచో చేస్తున్న పని. మాల్మ్‌స్టీన్‌ను వేగంతో కొలిచేవాళ్లు, మెచ్చేవాళ్లయినా తిట్టేవాళ్లయినా, ఆయన ఒక్క స్వరం మీద నిలబడి దాన్ని ఊపే ఆ రెండు క్షణాలను వదిలేసుకుంటున్నారు.

వేగమే నేరమైతే పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌కు మనం అన్నేళ్లు చప్పట్లు కొట్టేవాళ్లమా? కాకపోతే ఆ వేగం పక్కన వయొలిన్ ఉంది, మృదంగం ఉంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) వచ్చినప్పుడు ఆయన మాండలిన్ ఒళ్లో పెట్టుకుని తాళం వేస్తూ కూర్చునేవాడు.

నా వాదన మొత్తం ఆ కూర్చోవడం గురించే.

మాల్మ్‌స్టీన్ ఆల్బమ్ 'రైజింగ్ ఫోర్స్' 1984లో వచ్చింది. అభిమానులెవరిని అడిగినా ముందు దాని పేరే చెబుతారు. అదంతా కుర్రతనం పొగరు, పాత మోజు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రికార్డులో డ్రమ్స్ మీద కూర్చున్నది జెత్రో టల్ అనే రాక్ బ్యాండ్‌లో వాయించి వచ్చిన బారీమోర్ బార్లో. కీబోర్డు జెన్స్ యోహాన్సన్. గొంతు జెఫ్ స్కాట్ సోటోది, అదీ రెండే పాటల్లో. గిటారు ఒక మాట విసిరితే కీబోర్డు ఎదురు చెబుతుంది. ఎదురు చెప్పేవాడున్నప్పుడు అనేవాడు ఆచితూచి అంటాడు. 1988 'ఒడిస్సీ'లో జో లిన్ టర్నర్ పాడాడు. అమెరికా చార్టుల్లో మాల్మ్‌స్టీన్ రికార్డులన్నిటిలోకీ పైకెక్కింది అదే. మెత్తబడ్డాడని అప్పట్లో తిట్టినవాళ్లే ఇప్పుడు దాన్ని వెతుక్కుని మరీ వింటున్నారు. 1998లో వచ్చిన కాన్సర్టో కోసం ప్రాగ్‌లో చెక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించినప్పుడు ఎదురుగా బెత్తం పట్టుకుని యోయెల్ లెవి నిలబడ్డాడు. గిటారు ఎన్ని గిరికీలు కొట్టినా సమానికి వచ్చి తీరాల్సిందే, ఎందుకంటే అక్కడ ఒక ఆర్కెస్ట్రా ఎదురుచూస్తోంది.

ఇక 'పారాబెల్లమ్'కి రండి. గిటారు ఆయనే, బేస్ ఆయనే, కీబోర్డు ఆయనే, పాట ఆయనే. పది ముక్కల్లో నాలుగింటికే గొంతు ఉంది కాబట్టి అంత కష్టంగా ఉండదు. వేళ్లకు వయసు రాలేదు, 'ప్రెస్టో వివాచే' వింటే ఎవరైనా అదే అంటారు. అయినా మూడో పాటకల్లా మనసు పక్కకు పోతుంది. గిటారు అడుగుతుంది, కీబోర్డు వెంటనే ఒప్పుకుంటుంది. ఎందుకు ఒప్పుకోదు, ఇద్దరూ ఒకడేగా! "శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడు" అనే లాటిన్ సామెతలోంచి తీసుకున్న పేరది. యుద్ధానికి అవతలివాడంటూ ఒకడుండాలి కదా.

మా పక్క తిరునాళ్లలో పద్యనాటకం చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. రాత్రి ఒంటిగంట దాటాక కృష్ణుడి వేషగాడు పద్యం అయిపోయినా రాగం వదలడు. ముందు వరస నుంచి వన్స్ మోర్ అని ఒక ఈల. ఆయనకు ఇంకా ఊపు. రాగం పాక్కుంటూ పాక్కుంటూ ఎటో వెళ్లిపోతుంటుంది. అప్పుడు చూడాల్సింది స్టేజీ వారన కూర్చున్న హార్మోనిస్టును. అంతదాకా ఆయన వెంటే పోయిన వేళ్లు ఆగిపోతాయి. తల కూడా ఎత్తడు. ఒక్క షడ్జమం మెట్టు నొక్కి పట్టుకుని తిత్తి ఊపుతుంటాడు, అంతే. పది క్షణాల్లో కృష్ణుడు కిరీటం సర్దుకుని శ్రుతిలోకి దిగొస్తాడు. జనానికి తెలియదు, చప్పట్లన్నీ కృష్ణుడికే. ఒకసారి మా ఊళ్లో హార్మోనిస్టుకి జ్వరమొచ్చి శ్రుతిపెట్టెతో కానిచ్చారు. శ్రుతిపెట్టె అలగదు, వెంటపడి రాదు, ఆగదు. ఆ రాత్రి రాయబారం సీను తెల్లారేదాకా సాగింది.

దీనికి ఎదురువాదన నాకూ తెలుసు. మాల్మ్‌స్టీన్ గురువుగా చెప్పుకునే ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనినీ కాప్రీస్‌లు ఇరవై నాలుగూ ఒంటి వయొలిన్‌కు రాసినవేగా, ఒంటరితనం తప్పెలా అవుతుంది అంటారు. పైగా ఎవరి డబ్బుతో వాళ్లు, ఎవరి స్టూడియోలో వాళ్లు చేసుకుంటే మనకేం నొప్పి? నొప్పేం లేదు. కానీ ఒంటి వయొలిన్ తాను ఒంటరినని ఒప్పుకుని మొదలుపెడుతుంది, నిశ్శబ్దాన్నే పక్కవాద్యం చేసుకుంటుంది. డ్రమ్స్ పక్కనబెడితే, ఇక్కడ నలుగురు ఉన్నట్టు చప్పుడు చేస్తూ ఒక్కడే ఉన్నాడు. ఒక మనిషీ మూడు నీడలూ కలిస్తే దాన్ని బ్యాండ్ అనరు.

ఈ రోగం మాల్మ్‌స్టీన్‌తోనే ఆగి ఉంటే నేనింత రాసేవాణ్ని కాదు. కావలిలో, ఒంగోలులో, ఏ ఊళ్లో చూసినా ఇప్పుడు సంగీతమంటే తలుపేసుకున్న గదిలో ఒక కుర్రాడూ ఒక ల్యాప్‌టాప్. అయ్యప్ప పాటైనా, చర్చి పాటైనా, షార్ట్ ఫిల్మ్ నేపథ్యమైనా డోలక్ వాడే నొక్కుతాడు, ఫ్లూటు వాడే నొక్కుతాడు. మొన్నామధ్య ఒక తమ్ముడు తను చేసిన పదకొండు నిమిషాల గిటారు ముక్క వినిపించాడు. ఏడో నిమిషంలో ఆగి ఉంటే బ్రహ్మాండం. "ఎవరికైనా వినిపించావారా?" అంటే, "పూర్తయినాక మీకే ఫస్టన్నా" అన్నాడు. చేస్తున్నంత సేపూ 'ఇంక చాలు' అనే మనిషి ఆ గదిలో లేడు. మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లోకి వచ్చిన రోజుల్లో గాయకుడూ వాద్యగాళ్లూ ఒకే హాల్లో కూర్చుని పాటంతా ఒక్క ఊపున పట్టాలి. ఒక్క వయొలిన్ తప్పినా అందరూ మళ్లీ పల్లవి నుంచి మొదలు. విసుగే. కానీ ఆ విసుగులో గాయకుడికి వయొలిన్ వాళ్ల ముఖాలు కనపడేవి. ఇవాళ గొంతు ఒక రోజు, వేణువు ఒక వారం, రెండూ కలిసేది ఇంజినీరు తెర మీద.

పోయినేడు మా బంధువుల పెళ్లిలో సన్నాయి మేళం ఖర్చెందుకని పెన్‌డ్రైవ్ పెట్టించారు. సౌండు బాగానే ఉంది. సుముహూర్తం దగ్గరపడింది, పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. చప్పుడు లేదు. మళ్లీ అన్నాడు. ఆపరేటర్ భోజనాల దగ్గర పులుసన్నం మీదున్నాడు. మా పెదనాన్న "ఒరే, ఎవుర్రా ఆ పెట్టె దగ్గిర" అని పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. వరుడు మూడో ముడి వేసి చేతులు దించేశాక స్పీకర్లలో డోలు మోగింది. వినసొంపుగా, ఎక్కడా తాళం తప్పకుండా నాలుగు నిమిషాలు మోగింది. పంతులు గారు చెయ్యూపి ఆపమంటున్నా సరే.