మిలేతులో విడిచి వచ్చిన రోగి

నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన ఏడాది మా ఇంట్లో ఒక నోటుపుస్తకం మొదలైంది. రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్లు తాగొద్దన్నారు డాక్టరు. కాఫీ, మజ్జిగ, మందుబిళ్ల మింగే గుక్క, అన్నీ అందులోకే వస్తాయి. అమ్మ చిన్న గ్లాసుతో కొలిచి రాసేది. వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్లి నాలుగేసి గంటలు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ఆ ఖర్చు మా మీద పడలేదు. కానీ బస్సు చార్జీలు, బయట తిండి, పోయిన కూలి, వదులుకున్న మిరప కౌలు ఏ కార్డు కిందికీ రావు.

ఆ రోజుల్లోనే మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన బోధకుడు నాన్న తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, "నమ్మినవాడికి సూదులెందుకు బ్రదర్?" అన్నాడు. నాన్న నమ్మాడు. వరసగా రెండు డయాలసిస్‌లు మానేశాడు. ఒక రాత్రి ఊపిరాడక, వెల్లకిలా పడుకోలేక, మంచం పట్టె పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఒంట్లో నీరు తీశాక కాస్త తేరుకుని ఆయన అడిగిన మొదటి మాట: "నా విశ్వాసం చాల్లేదంటావా అమ్మా?"

జబ్బు కంటే ఆ ప్రశ్నే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. రోగంతో మంచాన పడ్డ మనిషి మీద నేరం కూడా మోపే ఈ బోధ మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల వినపడుతోంది. నయమైతే దేవుడి మహిమ, కాకపోతే రోగి అవిశ్వాసం. ఎటు తిరిగినా బోధకుడికి తప్పు అంటదు.

బైబిలు ఇలా చెప్పదు. అపొస్తలుడైన పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళితే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉన్నమాట నిజం. ప్రార్థన చేసిన రుమాళ్లు పంచేవాళ్లు చూపించేది ఆ వచనమే. అదే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని రాశాడు. ఒక్క ముక్కే. ఎందుకు బాగుపడలేదో చెప్పలేదు, త్రోఫిము మీద నింద వెయ్యలేదు. తరచూ జబ్బుపడే తిమోతికి కడుపు బాగుండటానికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని తానే మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ఈ ముగ్గురిలో ఎవరి విశ్వాసం చాల్లేదు?

ఇక మన నేల మీద సువార్త వచ్చిన దారి చూడండి. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల కోసం ఆస్పత్రి తెరిచారు. మందూ ప్రార్థనా అక్కడ ఒకే వరండాలో ఉన్నాయి. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠు రోగులను దగ్గరికి తీశారు. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. వేర్వేరు మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ శానిటోరియం అది. క్షయను లొంగదీసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు ముప్ఫై ఏళ్లు, రోగాన్ని కచ్చితంగా పోగొట్టే మందు చేతిలో లేకుండానే, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇస్తూ అక్కడివాళ్లు రోగుల పక్కన నిలబడ్డారు. నయం చెయ్యలేనప్పుడు కూడా వదిలిపెట్టకపోవడాన్ని నేను విశ్వాసం అంటాను.

స్వస్థత కోసం ప్రార్థించొద్దని నేను అనడం లేదు. రోగి దగ్గరికి పెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలోనే ఉంది. మేమూ చివరి రోజు దాకా అడిగాం. గుణదల మేరీమాత కొండకు ఫిబ్రవరి తిరునాళ్లలో ఎక్కేవాళ్లు కూడా అడగడానికే ఎక్కుతారు. ఆ పండుగ రోజైన ఫిబ్రవరి 11నే 1993 నుంచి కథోలిక సంఘం ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది. మొక్కు తీరినవాళ్లతో పాటు తీరనివాళ్లూ మళ్లీ ఏడాదికి ఆ మెట్లే ఎక్కుతారు. సాక్ష్యం చెప్పమని మైకు మాత్రం వాళ్లకు ఎవరూ ఇవ్వరు. మన ఆరాధనల్లో పెద్ద లోటు అదే.

నాన్న ఆస్పత్రి నుంచి వచ్చాక మా సంఘం అయ్యగారు ఇంటికొచ్చారు. వాక్యం చెబుతారనుకుని అమ్మ చాప పరిచింది. ఆయన నాన్న ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, డయాలసిస్ సూదుల కోసం సిరను ధమనితో కలిపి ఫిస్టులా వేసినచోట చర్మం కింద గుర్రుమని అదిరే నెత్తురును వేళ్లతో తాకి చూసి, చాలాసేపు ఊరకే కూర్చున్నారు. తర్వాత 88వ కీర్తన చదివారు. కీర్తనల్లో మొరలు చాలానే ఉన్నా, చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట ఆగిపోతుంది. నాన్న ఏడ్చాడు. రోగం వచ్చాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఇలా ఏడ్చిన మాట కూడా బైబిల్లో ఉందంటే, తన ఏడుపు అవిశ్వాసం కాదని ఆయనకు అర్థమైంది. మళ్లీ ఎప్పుడూ డయాలసిస్ మానలేదు.

స్త్రీల సమాజం వాళ్లు వంతులు వేసుకున్నారు. మంగళవారం ఒకరు, గురువారం ఒకరు, శనివారం ఇంకొకరు నాన్నతో గుంటూరు బస్సెక్కేవాళ్లు. అందువల్ల అమ్మ మళ్లీ కూలికి పోగలిగింది, చెల్లి కాలేజీ మానలేదు. ఆ శనివారాలను ఎవరూ అద్భుతాల కింద లెక్కవెయ్యలేదు. నేను వేస్తాను.

నాన్న ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ అమ్మ బైబిల్లోనే ఉంది. గుడిలో ప్రభువు బల్ల ద్రాక్షారసం పుచ్చుకునే రోజు, నెలలో మొదటి ఆదివారం, వచ్చినచోటల్లా పేజీలో మొదటి వరస ఒకటే: సంస్కారం, 10 మి.లీ.