అన్న రాస్తే చెల్లి పాడుతుందట!

అమెరికన్ పాప్ గాయని బిల్లీ ఐలిష్ పేరెత్తితే చాలు, ఒక కథ సిద్ధంగా ఉంటోంది. ఆమె తనంతట తాను ఎదిగిన గాయని కాదట, సంగీత పరిశ్రమ తెచ్చి నాటిన మొక్కట. తల్లిదండ్రులు హాలీవుడ్ నటులట, వాళ్ల పలుకుబడి చూసి ఒక పెద్ద కంపెనీ ఆమెను రాత్రికి రాత్రి తారను చేసిందట. పాటలన్నీ అన్న ఫినియస్ రాస్తే ఆమె పాడి పేరు కొట్టేస్తుందట. పడకగదిలో రికార్డు చేశామన్నది జనాన్ని ఆకట్టుకోవడానికి అల్లిన కట్టుకథట. ఎక్కడో అమెరికాలో మొదలైన ఈ మాటలు చేతులు మారి మన దగ్గరికీ వచ్చాయి. చిటికెడు నిజం కలిసి ఉంది కాబట్టే ఇవి ఇంత సులువుగా నమ్మకం పుట్టిస్తున్నాయి.

ముందుగా ఆ రాత్రి సంగతి. ‘ఓషన్ ఐస్’ పాట, ఎవరైనా తమ పాటలు పెట్టుకోగల సౌండ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లోకి వచ్చింది 2015 నవంబరులో. అప్పటికి బిల్లీకి 14 ఏళ్లు కూడా నిండలేదు. డాన్స్ మాస్టారు తన నృత్యానికి ఒక పాట కావాలని అడిగితే, ఫినియస్ తన బ్యాండు కోసం రాసుకున్న పాటను చెల్లెలి చేత పాడించాడు. వినేవాళ్లు పెరిగాకే కంపెనీలు ఆ ఇంటి తలుపు తట్టాయి. డార్క్‌రూమ్, ఇంటర్‌స్కోప్ అనే రికార్డు కంపెనీలు అదే పాటను అధికారికంగా విడుదల చేసింది సరిగ్గా ఏడాది తర్వాత, 2016 నవంబరులో. తొలి ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్) 2017 ఆగస్టులో వచ్చింది, తొలి ఆల్బమ్ 2019 మార్చిలో. అమెరికాలో పాటల ఆదరణను వారంవారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితా శిఖరాన పందొమ్మిది వారాలు తిష్ఠ వేసిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాటను ఆ ఆల్బమ్‌లోని ‘బ్యాడ్ గై’ కిందికి దించింది 2019 ఆగస్టులో. ఇదంతా ఒక్క రాత్రి అయితే, అది దాదాపు నాలుగేళ్లు తెల్లవారని రాత్రి.

తల్లిదండ్రులు మ్యాగీ బెయిర్డ్, ప్యాట్రిక్ ఓకానెల్ నటులన్నది నిజమే. ఎలాంటి నటులన్నదే చెప్పరు. చిన్నా చితకా వేషాలు, డబ్బింగులు, వాటితో ఇల్లు గడవక తండ్రి చేసిన నిర్మాణపు పనులు. ‘ఐరన్ మ్యాన్’ సినిమాలో ఆయనది కనురెప్ప వేస్తే కనబడని పాత్ర. లాస్ ఏంజెలెస్‌లోని హైలాండ్ పార్క్‌లో వాళ్లది రెండు పడకగదుల ఇల్లు. రెండు గదులూ పిల్లలకిచ్చి పెద్దవాళ్లు హాల్లో పడుకునేవారు. తాతల నాటి స్టూడియోలతో, అభిమాన సంఘాలతో సహా తెరకెక్కే వారసులను చూసి పెరిగిన మనకు దీన్ని సినిమా పలుకుబడి అంటే నవ్వు రావాలి. అయితే ఆ పిల్లలకు అదృష్టం లేదని అనలేం. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు, తల్లే పాటలు రాయడం నేర్పింది, ఎనిమిదో ఏట బిల్లీని లాస్ ఏంజెలెస్ బాలల గాయక బృందంలో చేర్చారు. అసూయ పడాలంటే దీనికి పడవచ్చు.

పడకగది కథ కూడా కల్పన కాదు. తొలి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఫినియస్ గదిలోనే రికార్డయింది, బిల్లీ అతని మంచం మీద కూర్చుని పాడింది. ఆ పాటల్లోని కొన్ని శబ్దాలు వింటే స్టూడియో బుర్రలకు ఇవి తట్టవనిపిస్తుంది. ‘బ్యాడ్ గై’లో సిడ్నీ నగరంలో పాదచారులు రోడ్డు దాటేచోట మోగే సిగ్నల్ టకటకలు ఉన్నాయి, ఫోనులో పట్టుకొచ్చినవి. ‘బరీ ఎ ఫ్రెండ్’లో పంటి డాక్టరు దగ్గర రికార్డు చేసిన డ్రిల్లు రొద వినిపిస్తుంది. కాకపోతే అభిమానులు కూడా ఒక విషయం మింగేస్తారు. ఆ ఆల్బమ్‌కు మిక్సింగ్ చేసింది రాబ్ కినెల్‌స్కీ, మాస్టరింగ్ చేసింది జాన్ గ్రీన్‌హామ్. ఇద్దరూ చేయి తిరిగిన నిపుణులు. పాట ఇంట్లో పుట్టింది, మెరుగులు బయట దిద్దారు.

ఇక అసలు ఆరోపణ, అన్న రాస్తాడన్నది. ‘ఓషన్ ఐస్’, ‘వెన్ ద పార్టీస్ ఓవర్’ ఫినియస్ ఒక్కడే రాసినవి. ఇందులో దాపరికం ఏమీ లేదు, వాటి కింద అతని పేరొక్కటే ఉంటుంది. ‘బ్యాడ్ గై’, ‘బరీ ఎ ఫ్రెండ్’ కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఒకరికి చెందింది ఒకరికి, ఇద్దరికీ చెందింది ఇద్దరికీ రాసుకున్నప్పుడు కొట్టేసిన పేరు ఎక్కడుంది? 2020 జనవరిలో గ్రామీ నాలుగు ప్రధాన అవార్డులు బిల్లీకి వచ్చిన రాత్రే, ఆ ఏటి ఉత్తమ సంగీత నిర్మాత అవార్డు ఫినియస్ అందుకున్నాడు.

దీన్ని తేల్చడానికి మనకు మరొక కొలబద్ద ఉంది. ఉత్తమ పాటకు ఇచ్చే ఆస్కార్ పాడినవాళ్లకు రాదు, రాసి స్వరపరిచినవాళ్లకే వస్తుంది. 2023లో ‘నాటు నాటు’కు ఆ బొమ్మ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే వేదిక మీద హోరెత్తించినా వాళ్ల చేతికి బొమ్మ రాలేదు. దానికి ముందు ఏడాది 2022లో, తర్వాతి ఏడాది 2024లో అదే ఆస్కార్ ఫినియస్‌తో పాటు బిల్లీకి దక్కింది. ఆమె పని పాడడమే అయితే రాహుల్‌లాగే పాడి, చప్పట్లు అందుకుని దిగిపోయేది. రెండోది వచ్చేసరికి ఆమెకు 22 ఏళ్లు. అంత చిన్న వయసులో రెండు ఆస్కార్‌లు గెలిచినవారు అంతకుముందు లేరు. 1938లో 28 ఏళ్లకు ఆ ఘనత సాధించిన నటి లూయిస్ రైనర్ రికార్డు అప్పటిదాకా అలాగే ఉంది.

చెల్లెలి పేరు ఊరికే వేయించి ఉంటారని ఇంకా అనుమానించేవారు 2021లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీ చూడాలి. ఏ మాట ఉంచాలో, ఏది తీసేయాలో ఆ ఇద్దరూ గదిలో కూర్చుని పట్టుబట్టడం కనిపిస్తుంది. ఆమె తొలి పాట ‘ఫింగర్స్ క్రాస్డ్’ తల్లి పాఠం కోసం 11 ఏళ్ల వయసులో రాసుకున్నది. మన సినిమాల్లో రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు ముగ్గురు వేర్వేరు మనుషులు కావడంతో, ఒకే గదిలో ఇద్దరు కలిసి చేసిన పాటను చూసినా వాటాలు తేల్చే అలవాటు మనది. త్యాగయ్య, అన్నమయ్యలను తలచుకునే జాతికి పాడేవారే రాయడం వింత కాకూడదు.

మిగిలింది కంపెనీ డబ్బు. పెట్టారు, కాదనేవారు లేరు. 2017లో ఆపిల్ మ్యూజిక్ కూడా ‘అప్ నెక్స్ట్’ అనే కొత్త గాయకుల వరుసలో ఆమెను ఎంచుకుని ముందుకు తెచ్చింది. ఆ వరుసలో ఆమెకు ముందూ వెనకా ఎందరో ఉన్నారు. ప్రచారానికే తారను పుట్టించే శక్తి ఉంటే, ఈపాటికి వాళ్లందరి పేర్లూ మన నోట నానుతూ ఉండాలి.